విమానం నిర్మాణాన్ని చదవడం ఎలా? బరువు ఎటు పోతోందో చూస్తూ వెళ్లండి

విమానంలో ముఖ్యమైన భాగాలు ఐదు అని ఏ పుస్తకం తెరిచినా మొదట్లోనే చెప్పేస్తారు. ఫ్యూజలాజ్, అంటే బాడీ. రెక్కలు. తోక. ల్యాండింగ్ గేర్, అంటే చక్రాలూ వాటి కాళ్లూ. ఇంజిన్. నేనూ ఇవన్నీ బట్టీ పట్టాను, బొమ్మ గీసి పేర్లు రాయమంటే రాసేవాణ్ణి, కానీ నిజం విమానం కళ్లముందు నిలబడితే మాత్రం ఏమీ తట్టేది కాదు. రెక్క సరిగ్గా అక్కడే ఎందుకు మొలిచింది, కిటికీల మూలలు గుండ్రంగా ఎందుకున్నాయి, వెనకాల ఆ బుల్లి రెక్కలు నిజానికి ఏం మోస్తున్నాయి?

పేర్లు పక్కన పెట్టి ఒక్కో ముక్క దగ్గర ఆగి రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాకే సంగతి అర్థమైంది. దీని మీద ఏ బరువు పడుతోంది? ఆ బరువును ఇది తీసుకెళ్లి ఎవరి చేతిలో పెడుతోంది? ఈ మార్గదర్శి మొత్తం ఆ రెండు ప్రశ్నలే. దగ్గర ఒక విమానం ఫొటో పెట్టుకోండి (కిటికీ పక్క సీటో, ఎయిర్‌పోర్టు అద్దమో దొరికితే ఇంకా మంచిది), ఒక ఖాళీ కూల్‌డ్రింక్ టిన్ను, ఒక ప్లాస్టిక్ స్కేలు కూడా.

మొదటి అడుగు: స్కేలుతో ఐదు బలాలు

స్కేలును రెండు చివర్లా పట్టుకుని లాగండి, అది లాగుడు. నొక్కండి, అది నొక్కుడు. బట్ట పిండినట్టు తిప్పండి, మెలి. కత్తెరలో పెట్టినట్టు పక్కపక్కనే ఒకవైపు పైకీ ఒకవైపు కిందికీ తోస్తే కోత. ఐదోది వంపు, దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే విమానంలో ఎక్కువ కథ దీనిదే. స్కేలును రెండు చివర్లూ పైకి లేచేలా వంచి పక్క నుంచి చూడండి: పైవైపు నలిగి కురచవుతుంది, కిందివైపు సాగుతుంది. అంటే వంపు కొత్త బలమేమీ కాదు, ఒకే ముక్కలో ఒక పక్క నొక్కుడూ ఇంకో పక్క లాగుడూ. మధ్యలో ఉన్న పదార్థానికి పెద్దగా పని పడదు. ఇది గుర్తుంచుకోండి, రెక్క దగ్గర అక్కరకొస్తుంది.

ఇప్పుడు అదే స్కేలును నిలువుగా, సన్నటి అంచు పైకి వచ్చేలా పట్టుకుని వంచి చూడండి. వంగదు. ప్లాస్టిక్ అదే, బరువు అదే, పెట్టిన తీరు ఒక్కటే మారింది.

రెండో అడుగు: దూరంగా నిలబడి, ఎవరు ఎవర్ని మోస్తున్నారో తేల్చుకోండి

నేల మీద ఉన్నప్పుడు విమానం చక్రాల మీద నిలబడి ఉంటుంది, రెక్కలు తమ బరువుకీ, లోపలి ఇంధనం బరువుకీ కాస్త కిందికి వాలి ఉంటాయి. టేకాఫ్ అయిన క్షణం నుంచి లెక్క తలకిందులు. ఇప్పుడు రెక్కలు మోస్తాయి, బాడీ వాటికి వేలాడుతుంది, చక్రాలు పనిలేని సామాను. నేల మీద సాగిన రెక్క పైచర్మం గాలిలో నలుగుతుంది, నలిగిన కిందిచర్మం సాగుతుంది. ప్రతి ప్రయాణంలోనూ ఒకసారి ఇలా అటూ ఇటూ.

తీగను ఇటూ అటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది కదా, ఒక్కసారి లాగితే తెగని తీగ. లోహానికి అలసట అనేది ఇదే. విమానం వయసును సంవత్సరాల్లోనే కాకుండా ఎన్నిసార్లు ఎగిరి దిగింది అన్న లెక్కలో కూడా చూసేది ఇందుకే.

మూడో అడుగు: బాడీ

కూల్‌డ్రింక్ టిన్ను తీసుకోండి. సొట్టల్లేని ఖాళీ టిన్ను మీద జాగ్రత్తగా, నిటారుగా బరువు పెడితే ఆశ్చర్యపోయేంత మోస్తుంది. పక్కల మీద వేలితో చిన్న సొట్ట పెట్టి మళ్లీ పెట్టండి, చప్పున కూలిపోతుంది. లోపల అస్థిపంజరం లేకుండా చర్మమే మొత్తం బరువు మోసే ఈ పద్ధతిని మోనోకాక్ అంటారు. తేలిక, బలం, కానీ ఒక్క సొట్టతో సరి. దీనికి పూర్తిగా అవతలి కొసన ఉండేది ట్రస్ పద్ధతి: ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అతికి పైన గుడ్డ కప్పడం. పైపర్ కబ్ లాంటి పాత చిన్న విమానాలు అలాంటివే, అక్కడ చర్మం మోసేదేమీ లేదు, గాలికి అడ్డం నిలబడుతుందంతే.

నేటి విమానాలు ఈ రెండింటి మధ్య రాజీ, సెమీ మోనోకాక్. గుండ్రటి ఫ్రేములు అడ్డంగా వరసగా నిలబడతాయి, వాటి మీదుగా ముక్కు నుంచి తోక వైపుకి స్ట్రింగర్లు అనే సన్నటి బద్దలు పరుస్తారు, మీద పలచటి లోహపు రేకు రివెట్లతో బిగిస్తారు. రేకు ఎంత పలచనంటే, అల్యూమినియం ప్యాసింజర్ విమానాల్లో చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే. దానికి సొట్ట పడి మడతపడకుండా వెనక నుంచి పట్టుకోవడమే స్ట్రింగర్ల పని. గుండ్రం చెడకుండా చూడటం ఫ్రేముల పని.

ఈ ఫ్రేములు బయటికి కనపడవు, కానీ వాటిని లెక్కపెట్టొచ్చు. కిటికీలు చూడండి. సాధారణంగా ఒక్కో కిటికీ రెండు ఫ్రేముల మధ్య కూర్చుంటుంది, అంటే కిటికీకీ కిటికీకీ మధ్య దూరం, ఇంచుమించు అరమీటరు, ఫ్రేముల దూరమే. సీట్లు మాత్రం ఎయిర్‌లైన్ తన ఇష్టం వచ్చినంత ఎడంతో పట్టాల మీద బిగించుకుంటుంది. కిటికీ సీటు కావాలని తీసుకుంటే పక్కన ఖాళీ గోడ వచ్చిందని తిట్టుకునేవాళ్లకి (నేనూ తిట్టుకున్నాను) అసలు కారణం చాలాసార్లు ఇదే.

వంపు ఒక్కటే అయితే బాడీ పని సులువే. పెద్ద పరీక్ష పీడనం. 11 కిలోమీటర్ల ఎత్తులో బయటి గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో పావు వంతు కూడా ఉండదు, లోపల మాత్రం సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత గాలిని, లేదా అంతకన్నా కాస్త ఎక్కువే, నిలబెట్టాలి. ఆ తేడా వల్ల లోపలి గోడ మీద ప్రతి చదరపు మీటరుకీ ఐదు టన్నులకు పైగా తోపుడు. ఒక్క కిటికీ మీదే కొన్ని వందల కిలోలు. గొట్టం ఆకారం ఇందుకే: గుండ్రటి గోడలో ఆ తోపుడంతా రేకు పొడవునా సాఫీ లాగుడుగా మారిపోతుంది, పెట్టె ఆకారంలో అయితే బల్లపరుపు గోడలు ఉబ్బి మూలలు చిరుగుతాయి.

మూలల పాఠం నేర్పింది కామెట్. 1952లో ప్రయాణికులతో సర్వీసు మొదలుపెట్టిన మొదటి జెట్ విమానం. 1954లో జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి గాలిలోనే ముక్కలై మధ్యధరా సముద్రంలో పడ్డాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను ఏకంగా నీళ్ల తొట్టిలో దించి, లోపలికి నీళ్లు పంపుతూ, తీస్తూ, వేల ప్రయాణాల పీడనాన్ని పెట్టి చూస్తే రేకు ఒక రంధ్రం మూల దగ్గర నుంచి చిరిగింది. నలుచదరపు కిటికీలే కారణమని అందరూ ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. నిజానికి సముద్రంలోంచి తీసిన శకలాల్లో పగులు కనపడింది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో యాంటెనా కోసం కోసిన రంధ్రం దగ్గర. విషయం మాత్రం అదే: రేకులో రంధ్రం పెడితే అక్కడ మోయాల్సిన లాగుడు మాయమవదు, పక్కల నుంచి దారి చేసుకుని పోతుంది, మూల ఎంత పదునుగా ఉంటే అక్కడ అంత ఇరుక్కుంటుంది.

కిటికీ దాకా వచ్చాం కాబట్టి దగ్గరగా చూడండి. మామూలుగా మూడు పొరలుంటాయి. మీ వేలికి తగిలేది ఉత్త రక్షణ పొర, పీడనంతో దానికి సంబంధం లేదు. బయటిది అసలు మోసేది. మధ్యదానికి కింది భాగంలో గుండుసూది తల అంత రంధ్రం ఉంటుంది. గాలి దాని గుండా పోయి పీడనమంతా బయటి పొరకే చేరుతుంది, మధ్య పొర బయటిది విఫలమైతే అందుకోవడానికి ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ రంధ్రం చుట్టూ ఒక్కోసారి మంచు పువ్వులా పూస్తుంది.

ఇక గొట్టానికి వెనక మూత కావాలి. అదే వెనకాలి ప్రెషర్ బల్క్‌హెడ్, చాలా విమానాల్లో గిన్నెను పక్కకి పెట్టినట్టు ఉంటుంది, తోక దగ్గర, చివరి టాయిలెట్ గోడకి అవతల. ప్రయాణికులకి కనపడదు, కానీ ఇది పోతే ఏమవుతుందో 1985 ఆగస్టు 12న జపాన్‌లో తెలిసింది. అంతకు ఏడేళ్ల ముందు నేలకి తోక తగిలిన ఒక బోయింగ్ 747కి బల్క్‌హెడ్ బాగుచేసేటప్పుడు రెండు వరసల రివెట్లు బలం మోయాల్సిన చోట ఒకే వరస మోసేలా పలక బిగించారు. అలసట అక్కడే పేరుకుంది. ఆ రోజు మూత చిరిగి, లోపలి గాలి తోకలోకి దూసుకెళ్లి నిలువు రెక్కలో చాలా భాగాన్ని ఊడగొట్టింది, దాంతోపాటు విమానాన్ని తిప్పే పలకలను నూనె ఒత్తిడితో కదిపే నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. 520 మంది చనిపోయారు.

నాలుగో అడుగు: రెక్క లోపలికి

బయట నుంచి రెక్క ఒక పలకలా కనపడుతుంది. లోపల అదొక పెట్టె. పొడవునా రెండు దూలాలు, ముందు స్పార్, వెనక స్పార్. ఇవే నిలువుగా పట్టుకున్న మీ స్కేలు. వాటికి అడ్డంగా రిబ్బులు, పక్కటెముకల్లా, రెక్క ఒంపును కాపాడేవి. పైన, కింద బలమైన రేకు, దాని లోపలివైపు మళ్లీ స్ట్రింగర్లు. వంపులో పైనా కిందా ఉన్న పదార్థమే ఎక్కువ మోస్తుందని మొదటి అడుగులో చూశాం కదా, అందుకే లోహమంతా పైకీ కిందికీ తోసేసి మధ్య ఖాళీ వదిలారు. ఆ ఖాళీని వృథా పోనివ్వలేదు, సీలు చేసి ఇంధనం పోస్తారు. విడిగా ట్యాంకు ఉండదు, రెక్కే ట్యాంకు.

ఇంధనం రెక్కలో పెట్టడంలో చోటు కన్నా పెద్ద లాభం ఇంకోటుంది. గాలి రెక్కను పైకి ఎత్తుతుంటే లోపలి ఇంధనం కిందికి నొక్కుతుంది, దాంతో రెక్క బాడీని కలిసే మొదలు దగ్గర వంపు తగ్గుతుంది. అందుకే బాడీ కింద మధ్య ట్యాంకు ఉన్న విమానాల్లో సాధారణంగా ముందు దాన్ని ఖాళీ చేసి, రెక్కల్లోది చివరికి ఉంచుతారు. రెక్క కింద వేలాడే ఇంజిన్ చేసే మేలు కూడా ఇదే.

పాత పద్ధతి అల్యూమినియం రెక్కల్లో ఒక ముచ్చట: పైరేకుకీ కిందిరేకుకీ ఒకే మిశ్రమం వాడరు. పైది గాలిలో నలుగుతుంది కాబట్టి గట్టిగా ఉండే 7075 రకం, కిందిది పదేపదే సాగుతుంది కాబట్టి పగుళ్లను ఓర్చుకునే 2024 రకం. ఇప్పుడు బోయింగ్ 787లో బరువు లెక్కన నిర్మాణంలో సగం, ఎయిర్‌బస్ ఏ350లో 53 శాతం కాంపోజిట్లే, కార్బన్ పోగుల పొరలు.

కుదుపుల్లో రెక్క కొస ఊగుతుంటే భయపడేవాళ్లకి ఒక లెక్క. విమానం జీవితంలో ఎదురవ్వొచ్చని అంచనా వేసిన గరిష్ఠ బరువుకి ఒకటిన్నర రెట్లు పెట్టి మూడు సెకన్లు నిలబడాలన్నది నియమం. 2010లో 787ను అలా పరీక్షించినప్పుడు రెక్క కొసలు సుమారు 7.6 మీటర్లు పైకి వంగాయి, విరగలేదు. అంతకు ముందు 1995లో 777 రెక్కను కావాలనే విరిగేదాకా లాగితే ఆ గరిష్ఠ బరువుకి 154 శాతం దగ్గర పెద్ద చప్పుడుతో విరిగింది. కొస ఊగకుండా బిర్రుగా ఉంటేనే నాకు టెన్షన్.

ఎడమ రెక్క, కుడి రెక్క బాడీకి చెరో పక్కన అతికించిన ముక్కలు అనుకోకండి. బాడీ కింద సెంటర్ వింగ్ బాక్స్ ఉంటుంది, రెండు రెక్కల వంపూ అక్కడ కలిసి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. విమానం మొత్తంలో నన్నడిగితే గుండెకాయ అదే.

ఐదో అడుగు: రెక్క మీద కదిలేవి

మొదటిసారి రెక్క వెనక సీటులో కూర్చున్నప్పుడు, చక్రాలు నేలకి తగిలాయో లేదో రెక్క మీద పలకలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి, కింద గొట్టాలూ కడ్డీలూ బయటపడ్డాయి, నేను ఇదేదో ఊడిపోతోందని సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాను. పక్కాయన పేపర్ కూడా దించలేదు. అవి స్పాయిలర్లు. దిగగానే రెక్క ఇంకా ఎత్తుతూనే ఉంటే బరువు చక్రాల మీద పడదు, బరువు పడకపోతే బ్రేకులు పట్టవు. స్పాయిలర్లు ఆ ఎత్తుడును చెడగొట్టి బరువును చక్రాలకి అప్పగిస్తాయి.

వెనక అంచున బాడీకి దగ్గరగా జారి దిగేవి ఫ్లాపులు, ముందు అంచున చాచుకునేవి స్లాట్లు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కూడా రెక్క ఎత్తేలా చేయడం వీటి పని. రెక్క కింద పడవల్లా వేలాడేవి ఏంటని అడుగుతుంటారు, చాలామటుకు అవి ఫ్లాపు పట్టాలకి తొడుగులు. కొస దగ్గర వెనక ఉండేవి ఎయిలెరాన్లు, ఒకటి లేస్తే రెండోది దిగుతుంది, విమానం పక్కకి ఒరుగుతుంది. 1903లో రైట్ సోదరుల విమానానికి ఇవి లేవు, వాళ్లు రెక్కనే మెలితిప్పేవారు. స్ప్రూస్ కలప, మస్లిన్ గుడ్డ కాబట్టి మెలితిరిగింది, నేటి రెక్కను అలా తిప్పలేం.

ఆరో అడుగు: తోక

నిలువుది వర్టికల్ స్టెబిలైజర్, దాని వెనక అంచున కదిలేది రడ్డర్. అడ్డంగా ఉన్నవి హారిజాంటల్ స్టెబిలైజర్లు, వాటి వెనక ఎలివేటర్లు. రడ్డర్ ముక్కును ఎడమకీ కుడికీ, ఎలివేటర్ పైకీ కిందికీ తిప్పుతాయి. ఇక్కడిదాకా అందరూ చెప్తారు.

అందరూ పొరబడేది ఒకటుంది: వెనక బుల్లి రెక్కలు కూడా విమానాన్ని పైకి ఎత్తుతాయనుకుంటారు. మామూలు ప్యాసింజర్ విమానంలో చాలావరకు అవి కిందికి నొక్కుతాయి. బరువు కేంద్రం రెక్క ఎత్తే చోటుకి కాస్త ముందుంటుంది, వదిలేస్తే ముక్కు వాలిపోతుంది, తోక వెనక నుంచి నొక్కి తక్కెడను సరిచేస్తుంది. కాబట్టి బాడీ మధ్యలో రెక్కకి తగిలించి రెండు చివర్లా కిందికి లాగుతున్న కర్ర లాంటిది. వెన్ను పైవైపు సాగుతుంది, పొట్టవైపు నలుగుతుంది.

ఫొటోలో తోక రెక్క బాడీని తాకే చోట పెద్దది చేసి చూడండి. ముందు అంచు దగ్గర చాలా విమానాల్లో గీతల కొలత కనపడుతుంది. ట్రిమ్ కోసం, అంటే ముక్కు పైకీ కిందికీ పోకుండా తక్కెడను సర్దిపెట్టడానికి, ఆ అడ్డ రెక్క మొత్తం కదులుతుంది, అందుకు ఆ గీతలు. తోక చివర రంధ్రం ఏపీయూ అనే చిన్న ఇంజిన్ పొగగొట్టం.

ఏడో అడుగు: చక్రాలూ కాళ్లూ

కాలి మధ్యలో తళతళ మెరిసే కడ్డీ చూశారా? అది ఒలియో స్ట్రట్ లోపలి పిస్టన్. లోపల నూనె, పైన నత్రజని. దిగినప్పుడు పిస్టన్ లోపలికి దూరుతుంటే నూనె సన్నటి రంధ్రం గుండా ఇరుకుగా పోతూ దెబ్బను వేడిగా మార్చేస్తుంది, నత్రజని స్ప్రింగులా పట్టుకుంటుంది. మెరిసే భాగం ఎంత బయటికి కనపడుతోందో పైలట్లు విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు గమనిస్తారు. పక్కనే కత్తెరలా మడిచిన రెండు చేతులు టార్క్ లింకులు, చక్రం కాలి చుట్టూ గిర్రున తిరక్కుండా పట్టుకునేవి.

టైర్లలోనూ నత్రజనే, 737 మెయిన్ టైర్లలో సుమారు 200 పీఎస్ఐ, కారు టైరుకి ఆరు రెట్లు. బ్రేకులు మరీ వేడెక్కితే టైరు పేలకుండా చక్రంలో కరిగిపోయే ప్లగ్గులుంటాయి, గాలి మెల్లగా వదిలేస్తాయి. చక్రాలు లెక్కపెట్టడం సరదాగా ఉంటుంది: 737కి 6, 747కి 18, ఏ380కి 22. 737 మన నెత్తి మీద నుంచి వెళ్తున్నప్పుడు దాని పొట్ట కింద రెండు నల్లటి గుండ్రాలు కనపడతాయి, మెయిన్ చక్రాలకి పూర్తి తలుపులుండవు, బయటికి కనపడేలానే ముడుచుకుంటాయి.

ఎనిమిదో అడుగు: ఇంజిన్

నిర్మాణం వైపు నుంచి ఇంజిన్ గురించి చెప్పేది కొంచెమే. అది రెక్కకి నేరుగా అంటుకోదు, పైలాన్ అనే మెడకి వేలాడుతుంది. ఇంజిన్ తోసే తోపుడంతా ఆ మెడ గుండా స్పార్లకి పోతుంది. పైన తొడుగు నాసెల్, గాలి సాఫీగా పారడానికి.

చివరి అడుగు: ఒక దెబ్బ వెంట నడవండి

కాగితం మీద రెక్క కింద చక్రాలున్న విమానం గీసి, ల్యాండింగ్ దెబ్బ నేల దగ్గర మొదలై మీ దాకా ఎలా వస్తుందో బాణాలు వేయండి. నేల నుంచి టైరుకి, టైరు నుంచి ఇరుసుకి, ఒలియోకి. కాలి పైకొస నుంచి వెనక స్పార్‌కీ దాని పక్కన గేర్ కోసం పెట్టిన దూలానికీ. స్పార్ నుంచి సెంటర్ వింగ్ బాక్స్‌కి, అక్కడ నుంచి బాడీలోని బలమైన ఫ్రేములకి, ఫ్రేము నుంచి ఫ్లోరు కింది అడ్డదూలానికి, దాని మీది సీటు పట్టాకి, సీటు కాళ్లకి, మీ నడుముకి. ఎక్కడైనా బాణం ఆగిపోతే అక్కడ ఏదో ముక్క మర్చిపోయారని.

ఇది కుదిరాక సెస్నా 172 గీయండి. బాణాలన్నీ మారతాయి. చక్రాల కాళ్లు రెక్కకి కాకుండా బాడీకే ఉంటాయి, రెక్క నెత్తి మీద ఉంటుంది, రెక్క నుంచి బాడీ కింది భాగానికి ఏటవాలుగా ఒక కడ్డీ. గాలిలో ఎగురుతున్నప్పుడు ఆ కడ్డీ సాగుతోందా, నలుగుతోందా? సాగుతుంది, బాడీ దానికి వేలాడుతోంది కాబట్టి. దిగి ఆగాక నలుగుతుంది, ఈసారి రెక్క దాని మీద ఆనుకుంటుంది.